దానయ్య చెక్కిన బల్ల

కిందటి నెల ముగ్గురు కుర్ర పాస్టర్లు వికారాబాదులో మా ఇంటికి వచ్చారు. కొత్తగా అభిషేకం పొందినవాళ్లు. వాళ్లు పనిచేసే ఊళ్లలో ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. సంఘంలో ఏం చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి అని అడిగారు. నోటితో చెప్తే నా తప్పును కాస్త చిన్నది చేసి చెప్తానని నాకు తెలుసు. ఇంతకుముందు అట్లా చేసినవాణ్ణే. అందుకని వాళ్లకు చాయ్ ఇచ్చి, రాసి పంపుతానని చెప్పి సాగనంపాను.

నేను ఎక్కడెక్కడ ఎన్నేళ్లు చేశానో, ఎప్పుడు ఏ హోదా వచ్చిందో ఇందులో ఉండదు. అవన్నీ ఆఫీసు కాగితాల్లో ఉంటాయి, ఎవరికీ పనికిరావు. నా ఉద్యోగం మొత్తంలో మర్చిపోలేని చెడ్డ ఆదివారం ఒకటి ఉంది. మిగతా ఆదివారాలు చాలావరకు సంతోషంగానే గడిచాయి. ఆ ఒక్కదాని సంగతే రాస్తున్నాను.

శనివారం పని

తాండూరు చుట్టూ పదకొండు ఊళ్లు నాకు అప్పగించారు. ప్రతి ఊళ్లో ప్రతి ఆదివారం ఆరాధన జరిపేది అక్కడి సంఘ పెద్దే. అభిషేకం పొందిన పాస్టరు మూడు నెలలకోసారి వెళ్లి ప్రభువు బల్ల, అంటే యేసు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం, ఇవ్వాలి. మావాళ్లు దాన్ని ఉట్టి ‘బల్ల’ అంటారు. సైకిలు వెనక ఒక రేకు పెట్టె, అందులో గిన్నె, పళ్లెం, తెల్లగుడ్డ, ఎండు ద్రాక్ష పొట్లం. ద్రాక్ష ముందురోజే నీళ్లలో నానబెట్టి పిండితే రసం వస్తుంది. గోధుమ రొట్టె దొరకని ఊళ్లో జొన్నరొట్టె. నాకు తెలిసి దేవుడు ఎన్నడూ అభ్యంతరం చెప్పలేదు.

అసలు పని శనివారం. మధ్యాహ్నానికి ఊరు చేరుకుని ఇల్లిల్లూ తిరగాలి. ఎవరెవరికి మాటల్లేవో కనుక్కోవాలి. తగాదా ఉన్నవాళ్లు అది తీరకుండా బల్ల దగ్గరికి రారు, అది మా దగ్గర గట్టి ఆచారం. తీరిందనడానికి గుర్తు ఏమిటంటే ఇద్దరూ ఒకే కంచంలో నాలుగు ముద్దలు తినడం. ఒకసారి ఒక కోడిపెట్ట విషయంలో ఏడాదిగా మాట్లాడుకోని తోడికోడళ్లను కూర్చోబెట్టాను. పెద్దామె రెండు ముద్దలు తిని, “ఇగో, ఇది గా కోడి కూరే అయితే ఇంకా మంచిగుండు” అంది. చిన్నామె నవ్వు ఆపుకోలేక పొలమారింది. ఆ రోజు నేను మాట్లాడింది మూడు మాటలు కూడా కాదు.

బైబిలు స్కూల్లో ప్రసంగం చేయడం నేర్పుతారు. అది అవసరమే. కానీ శనివారం గడప గడపకూ తిరగనివాడు ఆదివారం ఎంత బాగా మాట్లాడినా ఆ మాటలు గోడలకు చెప్పినట్టే ఉంటాయి.

గేటు దగ్గర రాయి

నాకు ఈ పని నేర్పింది పెద్దయ్యగారు. నలభై ఎనిమిదిలో నేను ఇంకా పాస్టరును కాను, తాండూరులో మా మిషను బడి పంతులును, ఆయన మా పాస్టరు. పొడుగ్గా, కోపిష్ఠిలా కనిపించేవారు. ఎప్పుడూ చెప్పులు తెగిపోయి ఉండేవి.

పోలీసు చర్య జరిగిన ఆ సెప్టెంబరులో ఊరంతా భయంగా ఉంది. అంతకుముందు ఏడాది భయం ఒకవైపు నుంచి వస్తే, ఇప్పుడు ఇంకోవైపు నుంచి వచ్చింది. అప్పుడు పల్లెల నుంచి పారిపోయి వచ్చినవాళ్లకు పెద్దయ్యగారు బడి తలుపు తెరిచారు. ఇప్పుడు చుట్టుపక్కల ముస్లిం ఇళ్ల ఆడవాళ్లు, పిల్లలు వస్తే అదే తలుపు తెరిచారు. గుంపు వచ్చి లోపల ఎవరున్నారని అడిగితే ఏం చెప్పాలని నేను ఆయన్ని అడిగాను.

“మనుషులున్నరని చెప్పు” అన్నారు.

అప్పుడే దానయ్యను మొదటిసారి చూశాను. తాండూరుకు అవతల, కన్నడం కూడా వినిపించే ఊరు అతనిది. నాపరాయి గనిలో రాళ్లు చెక్కేవాడు. నాకన్నా పదేళ్లు పెద్ద. బడి అరుగు బాగుచేయడానికి వచ్చినవాడు సంగతి చూసి, పెద్ద నాపరాయి ఒకటి గేటుకు అడ్డంగా వేసుకుని చెక్కడం మొదలుపెట్టాడు. నాలుగు రోజులు అక్కడే కూర్చుని ఎవరికీ అక్కర్లేని రాయిని చెక్కాడు. చేతిలో సుత్తి, ఉలి. గుంపుగా వచ్చినవాళ్లు లోపలికి పోవాలంటే అతన్ని లేవమనాలి. అతను తల ఎత్తకుండా, “పని నడుస్తుంది సార్, పెంకులు కండ్లల్ల పడతయ్, జర దూరం జరుగుండ్రి” అనేవాడు. వాళ్లు కాసేపు నిలబడి వెళ్లిపోయేవారు.

ఆ రాయి అద్దంలా తయారైంది. నాలుగేళ్ల తర్వాత దానయ్య ఊళ్లో మావాళ్లు చిన్న ప్రార్థన గుడి కట్టుకున్నప్పుడు బండి మీద దాన్ని తీసుకెళ్లి, రెండు రాతి కాళ్ల మీద నిలబెట్టి, ప్రభువు బల్లగా పెట్టుకున్నారు. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ చేశాను, ఇకముందు చెప్పబోయేది.

మన మాస్టరు

యాభై ఏడులో, నేను పాస్టరునై ఈ ఊళ్లు తిరుగుతుండగా, రెండోసారి సాధారణ ఎన్నికలు వచ్చాయి. మా బడి హెడ్మాస్టరు ప్రభుదాసు ఏ పార్టీ లేకుండా నిలబడ్డాడు. మంచి మనిషి, నిజాయితీపరుడు. ఆయన మీద నాకు ఇప్పటికీ గౌరవమే. ఇంకొక అభ్యర్థి తాండూరు వకీలు సాబ్. నలభై ఎనిమిదిలో ఆయన తల్లి, చెల్లెలు మా బడిలో తలదాచుకున్నారు. మూడో అభ్యర్థి ఎవరో దూరం ఊరి పెద్దమనిషి. ఆయన్ని మేం లెక్కలోకే తీసుకోలేదు.

మాస్టరుకు ఓటు వేయమని నేను గుళ్లో చెప్పాను. సలహాగా చెప్పలేదు, ప్రభువు ఆజ్ఞలా చెప్పాను. మనవాడు గెలిస్తే మన బడి బాగుపడుతుంది, మన పల్లెలకు దారి పడుతుంది అన్నాను. అందులో కొంత నిజం ఉంది. గుళ్లో చెప్పనిది ఏమిటంటే, అసెంబ్లీలో కూర్చున్న మనిషి నన్ను పేరుపెట్టి పలకరిస్తే ఎట్లా ఉంటుందో నేను చాలాసార్లు ఊహించుకున్నాను. మాస్టరు వెంట తిరిగిన ఆ నెలన్నరలో, అంతవరకు నన్ను వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడినవాళ్లు కుర్చీ వేశారు. ఆ కుర్చీ నాకు నచ్చింది.

వికారాబాదులో ఉన్న అప్పటి మా పైఅధికారికి అంతా తెలుసు. భేష్ అన్నారు. ఆయన కట్టించిన బావులు ఈనాటికీ ఉన్నాయి, సమర్థుడే. కానీ పని జరిగితే చాలు, ఎట్లా జరిగిందని అడిగే అలవాటు ఆయనకు లేదు. అట్లాంటి అధికారి కింద మన తప్పులు త్వరగా పెరుగుతాయి. తప్పు మాత్రం మనదే.

ఆ రోజుల్లో అభ్యర్థికొక పెట్టె ఉండేది, దానిమీద గుర్తు అతికించేవారు. చీటీ తీసుకుని చాటుకు వెళ్లి, నచ్చినవాడి పెట్టెలో వేయాలి. చదువురాని మావాళ్లు తికమకపడతారని నేను ఒక ఉపాయం చేశాను. రేకు పెట్టెలోంచి గిన్నె, పళ్లెం తీసి పక్కన పెట్టి, దాని మీద మాస్టరు నిచ్చెన గుర్తు అతికించి, చీటీలు వేయడం నేర్పించాను. శనివారం తగాదాలు తీర్చే వేళంతా దీనికే పోయింది.

దానయ్య ఇంటి ముందు కూడా పెట్టె దించాను. అతను దాన్ని చాలాసేపు చూశాడు.

“అయ్యగారు, నేను వకీలు సాబ్‌కు ఏస్త. ముందే చెప్తున్న, చాటుగ ఏసుడెందుకని” అన్నాడు.

నేను ఎందుకని గట్టిగా అడిగాను.

“గని గోడ కూలి మా ఎంకటయ్య సచ్చిపోయినప్పుడు ఆయన కోర్టుకొచ్చిండు, పిలవకున్న ఒచ్చిండు. మాస్టరు మంచోడే. బడి ఇడిచి రాలేదు. ఎవరి పని వాళ్లది, తప్పనను. కని గనిల పనిచేసేటోళ్లకు ఎవరు కావాల్నో మాకు ఎర్కలేదా?”

జవాబు లేనప్పుడు పాస్టరు నోటికి తేలిగ్గా వచ్చే మాట ఒకటుంది, విశ్వాసం తగ్గిందని. అదే అన్నాను.

ఆ ఆదివారం

మాస్టరు ఓడిపోయాడు. దానయ్య ఊరి పెట్టెల్లో నిచ్చెనకు పడ్డవి చాలా తక్కువని ఏజెంట్లు చెప్పారు. రెండు వారాలకు ఆ ఊళ్లో బల్ల ఇవ్వాల్సిన రోజు వచ్చింది. శనివారం దానయ్య భుజం మీద కొత్త గొంగడి చూశాను. అది ఓటు కోసం వకీలు ఇచ్చిందేనని ఎవరో అన్నారు. నేను అడిగి తెలుసుకోలేదు. నమ్మడానికి సిద్ధంగా ఉన్నాను కాబట్టి అడగాల్సిన అవసరం కనిపించలేదు. ఆ గొంగడి దోమ అనే ఊళ్లో ఉన్న అతని బిడ్డ అత్తగారింటివాళ్లు పెట్టిందని తర్వాత తెలిసింది.

ఆదివారం బల్ల ముందు ఎనిమిది మంది ఒక వరుసగా మోకరించారు. దానయ్య నాలుగోవాడు. చేతులు దోసిలి పట్టాడు. మూడోవాడికి రొట్టె ఇచ్చి, నేను ఐదోవాడి దగ్గరికి వెళ్లాను.

దానయ్య మొదట దోసిలి వైపే చూసుకున్నాడు. రాతి దుమ్ము అతని అరచేతి గీతల్లో ఎప్పుడూ ఉండేది, ఎంత కడిగినా పోదు. మెల్లగా అన్నాడు.

“కడుక్కోనే ఒచ్చిన అయ్యగారు.”

వరుస చివరిదాకా వెళ్లాను. అప్పటికి అతనికి అర్థమైంది. లేచి, బల్ల అంచు మీద ఒక్కసారి చెయ్యి ఆనించి, బయటికి నడిచాడు. అతని భార్య సుందరమ్మ లేచింది. తర్వాత ఏడిళ్లవాళ్లు లేచారు. నేను మిగిలినవాళ్లకు ఇచ్చి, ప్రార్థన ముగించి, గిన్నె కడిగి పెట్టెలో పెట్టుకున్నాను. మూత మీద నిచ్చెన బొమ్మ ఇంకా సగం చిరిగి అట్లాగే ఉంది.

ఇంకొక మాట రాయాలి. గెలిచింది వకీలు సాబ్ కూడా కాదు. మేం లెక్కలోకి తీసుకోని ఆ మూడో పెద్దమనిషి గెలిచాడు. ఆయన ఆ ఊరికి ఓట్లకు ముందూ రాలేదు, తర్వాతా రాలేదు. ఇద్దరమూ ఓడిపోయిన పందెం కోసం నేను ఒక మనిషి చేతిలో రొట్టె పెట్టలేదు.

మా ఇంట్ల కొట్లాట

మూడు నెలల తర్వాత శనివారం మళ్లీ ఆ ఊరు వెళ్లాను. ఎవరి ఇంట్లోనూ తగాదా లేదన్నారు. అందరూ మర్యాదగా నీళ్లిచ్చారు. అన్నేళ్లలో ఆ ఊళ్లో ఒక్క తగాదా లేని శనివారం నాకు తెలియదు. వాళ్లు నాకు చెప్పడం మానేశారన్నమాట. పాస్టరుకు ఇంతకన్నా పెద్ద శిక్ష ఉండదు.

చివరికి దానయ్య గడప తొక్కాను. అతను గనికి వెళ్లాడు. సుందరమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది.

“మా ఇంట్ల ఒక కొట్లాటున్నది అయ్యగారు. తీరుస్తరా?” అంది.

“ఎవరితోనమ్మా?”

“మీతోనే.”

ఆమె కోపంగా అనలేదు. కోడిపెట్ట గురించి చెప్పినట్టే చెప్పింది. “మూన్నెల్ల సంది ఆయన ఆదివారం వస్తే గనికాడికి పోయి ఉత్తగ కూసుంటుండు. పని లేదు, సుత్తి పట్టడు. తన మనసుకు ఒద్దనిపిచ్చి గుడికి పోకుంటే అది ఆయనిష్టం, కని మీవల్ల పోకుంటున్నడు. నేను బతికుండంగ ఆయనకు బల్ల దొరుకుతదా లేదా, గంతే చెప్పుండ్రి” అంది.

మర్నాడు బల్ల ఇవ్వలేదు. ఇచ్చే అర్హత నాకు లేదనిపించింది. సోమవారం రైలెక్కి వికారాబాదు వెళ్లాను. పెద్దయ్యగారు అప్పటికి పని విరమించి అక్కడే ఉంటున్నారు. పొద్దున్నే అనంతగిరి దారిలో నడవడం ఆయన అలవాటు. నేనూ పక్కన నడుస్తూ మొత్తం చెప్పాను. గొంగడి సంగతీ, కుర్చీ సంగతీ కూడా.

తిడతారనుకున్నాను. తిట్టలేదు.

“ఓటు గురించి చెప్పుడు తప్పు కాదు తమ్మీ. నీకూ ఒక ఓటున్నది, నోరున్నది. అరుగు మీద కూసొని మాట్లాడుకోవచ్చు. బల్లను ఓట్ల పెట్టె చేసినవ్ సూడు, గది తప్పు” అన్నారు. కొంచెం దూరం నడిచాక, “దానయ్య గా రాయి ఎందుకు చెక్కిండో నీకు ఎర్కే కద” అన్నారు.

నా బదులు ఆయన్నే వచ్చి బల్ల ఇమ్మని బతిమాలాను. ఒక షరతు మీద ఒప్పుకున్నారు. నేను వేదిక మీద కూర్చోకూడదు.

గడప బయట

తర్వాతి ఆదివారం పెద్దయ్యగారు లోపల ఆరాధన మొదలుపెట్టారు. సుందరమ్మ పోరితే దానయ్య గుడిదాకా వచ్చాడు గానీ లోపలికి రాలేదు. ఏడిళ్లవాళ్లూ అతనితో బయట వేపచెట్టు కింద ఉన్నారు. నేను వెళ్లి అతని పక్కన నేల మీద కూర్చున్నాను.

“లోపల కూసోక గీడ మీకేం పని అయ్యగారు?” అన్నాడు, నా వైపు చూడకుండా.

“నువ్వు లోపలికి వచ్చినప్పుడే నేనూ వస్తాను.”

“అయితే ఇద్దరం ఎండల ఎండుదం. నాకు అలవాటే. మీరు నల్లబడతరు.”

వెనక ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో నాకు కొంచెం ధైర్యం వచ్చింది. లేచి నిలబడి, లోపలివాళ్లకూ బయటివాళ్లకూ వినిపించేలా చెప్పాను. గొంగడి గురించి అబద్ధం నమ్మానని చెప్పాను. దానయ్య తప్పేమీ లేదని, నా మనిషి ఓడిపోయాడన్న కోపంతో నాది కాని రొట్టెను పట్టుకుని ఆపానని చెప్పాను. ముందు ఎన్నో విధాలుగా మనసులో రాసుకున్నాను. నోటికి వచ్చేసరికి చాలా చిన్నగా అయిపోయింది.

దానయ్య నా వైపు తిరిగాడు.

“గొంగడిది నాకు తెల్వదు. గది కూడ అనుకున్నరా?” అన్నాడు.

“అనుకున్నాను.”

“మా వియ్యంకుడు వింటే మస్తు ఖుషయితడు. వకీలు ఇచ్చినంత మంచిగున్నదన్నట్టు.”

ఈసారి అందరూ నవ్వారు. సుందరమ్మ అప్పటికే ఇంటికి వెళ్లి కంచంలో జొన్నరొట్టె, కందిపప్పు తెచ్చి మా మధ్య పెట్టింది. ఇద్దరం తిన్నాం. నాలుగో ముద్దకు దానయ్య, “పప్పుల ఉప్పు మర్సినవే” అన్నాడు భార్యతో. ఆమె కళ్లు తుడుచుకుంటూ, “ఉరికొచ్చిన, ఏమనుకున్నవ్” అంది.

లోపల పెద్దయ్యగారు పాట మీద పాట పాడిస్తూ మా కోసం ఆగి ఉన్నారు. ఇద్దరం పక్కపక్కన మోకరించాం. ఆయన ముందు దానయ్యకు ఇచ్చి, తర్వాత నాకు ఇచ్చారు.

అరుగు

మూడో ఎన్నికలు వచ్చేసరికి ఒక్కొక్కరికి ఒక్కో పెట్టె పద్ధతి పోయింది. అందరి చీటీలూ ఒకే పెట్టెలో వేయాలి, గుర్తు మీద ముద్ర వేయాలి. ఎన్నికలకు నెల ముందు దానయ్య గుడి ప్రహరీ బయట, దారి పక్కన, ఒక నాపరాయి అరుగు వేశాడు. ఎందుకని అడిగితే, ఓట్లడగడానికి వచ్చేవాళ్లకు కాళ్లు నొప్పి పుడతాయి కదా అన్నాడు.

అన్ని పార్టీలవాళ్లూ ఆ అరుగు మీద కూర్చున్నారు. అందరికీ నీళ్లిచ్చాం, అందరినీ ప్రశ్నలడిగాం. నేనూ అడిగాను, నేనూ వాదించాను. గుడి తలుపు లోపల మాత్రం ఓట్ల మాట ఎవరూ ఎత్తలేదు. తర్వాత నేను వికారాబాదు దగ్గర పనిచేసిన ఊళ్లో కూడా దానయ్యను పిలిపించి అట్లాంటి అరుగే వేయించాను. కుర్ర పాస్టర్లకు నేను చెప్పగలిగింది ఇదే. రాజకీయాలు మాట్లాడొద్దని చెప్పను. గనిలో గోడ కూలినప్పుడు మాట్లాడకపోతే మనం ఎందుకు? కానీ మాట్లాడేటప్పుడు అరుగు మీద, అందరిలో ఒకడిగా, ఎదుటివాడు కాదనగలిగే చోట కూర్చోండి. కాదన్నవాడి దోసిలి ఆదివారం మీ ముందుకు వస్తుందని గుర్తుంచుకోండి.

ఆ ఎన్నికలైన మొదటి ఆదివారం, ఆరాధనకు ముందు దానయ్య, నేను ఆ అరుగు మీద కూర్చున్నాం.

“గిప్పుడు చెప్పుండ్రి అయ్యగారు, అయిపోయింది కద. ఎవరికేసిన్రు?” అన్నాడు.

చెప్పాను. అతనూ చెప్పాడు. ఈసారి కూడా వేరువేరే.

“మీకు బుద్ధి రాదు” అన్నాడు.

“నీకూ రాదు” అన్నాను.

అప్పుడే గంట మోగింది. లోపలికి వెళ్లి, తెల్లగుడ్డ పరిచి, వరుస ముందు నిలబడ్డాను. నాలుగోవాడు దానయ్య. అరచేతి గీతల్లో ఎప్పటి రాతి దుమ్మే. పెద్ద ముక్క చూసి పెట్టాను.